దర్బారు లేని రెసిడెంటు

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్ నగరంలో, రేవుకు ఎదురుగా గుట్ట అంచున, చుట్టూ వరండాలున్న పాత తెల్ల భవనం ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని గవర్నమెంట్ హౌస్ అంటారు. నార్తర్న్ టెరిటరీ అడ్మినిస్ట్రేటర్ అక్కడ ఉంటాడు. 1911కు ముందు దాని పేరు రెసిడెన్సీ. హైదరాబాదు కోఠీలో, మూసీ ఒడ్డున, సింహాల మెట్లతో నిలబడిన కట్టడానికీ అదే పేరు. రెండింటి మధ్య ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం. రెండు చోట్లా కాపురమున్న అధికారి హోదా ఒక్కటే, పంపిన సామ్రాజ్యమూ ఒక్కటే. కాకపోతే హైదరాబాదులో రెసిడెంటు ఎదుట నిజాం కూర్చుని ఉండేవాడు. డార్విన్‌లో ఎదుట ఎవరూ లేరని కాగితాల మీద రాసేసుకున్నారు. ఆ ఎదుటి మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టే ఈ హోదా బతుకంతా నడిచింది.

తెలుగు పత్రికలు చదివేవారికి 'రెసిడెంట్ కమిషనర్' కొత్త కాదు. ఢిల్లీలో ఏపీ భవన్‌కు ఒకరు, తెలంగాణ భవన్‌కు ఒకరు ఉంటారు. ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్తే విమానాశ్రయంలో ఎదురొచ్చేదీ, కేంద్ర మంత్రిత్వ శాఖల చుట్టూ ఫైళ్ల కోసం తిరిగేదీ వారే. మరొకరి రాజధానిలో మన తరఫున కాపురముండే మనిషి అన్న పాత అర్థం అక్కడ ఇంకా కొనఊపిరితో ఉంది. విదేశాంగ వ్యవహారాల్లో మాత్రం ఉత్త 'రెసిడెంటు' దాదాపు కనుమరుగైంది. ఇవాళ వినిపించేది 'నాన్ రెసిడెంట్ అంబాసిడర్' అన్న మాటే. అంటే ఒక దేశంలో ఉంటూ మరో దేశం బాధ్యత కూడా చూసే రాయబారి.

పాత కాలంలో రాయబారం అంటే వెళ్లి రావడమే. కౌటిల్యుడు దూతల్ని మూడు తరగతులు చేశాడు. సొంత నిర్ణయంతో మాట్లాడగలవాడు నిసృష్టార్థుడు, చెప్పినంత మేరకే మాట్లాడేవాడు పరిమితార్థుడు, ఉత్తరం అందించేవాడు శాసనహరుడు. పని పూర్తయ్యాక ముగ్గురూ తిరుగుముఖం పట్టవలసినవాళ్లే. పరాయి కొలువులో ఇల్లు తీసుకుని, ఏళ్ల తరబడి ఉండి, రోజూ ఏం జరుగుతోందో రాసి పంపే మనిషి వేరే జాతి. యూరప్‌లో ఆ మనిషి 15వ శతాబ్దపు ఇటలీలో కనబడతాడు. మిలాన్ ప్రభువు కాబోతున్న ఫ్రాంచెస్కో స్ఫోర్జా తరఫున నికోదేమో త్రాంకెదీని 1446లో ఫ్లోరెన్స్ చేరి, ఇంచుమించు రెండు దశాబ్దాలు అక్కడే ఉండిపోయాడు. 1454లో లోదీ ఒప్పందం కుదిరాక ఇటలీ నగర రాజ్యాలన్నీ ఒకరి ఇంట్లో ఒకరు ఇలాంటి మనుషుల్ని కూర్చోబెట్టుకున్నాయి. నమ్మకం ఉండి కాదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకనే.

ఇదంతా మనకు తెలియని సంగతేమీ కాదు. విజయనగర కాలపు తెలుగులో ఇలాంటివాణ్ణి స్థానాపతి అన్నారు. రాయవాచకం అన్న వచన రచన మొత్తం ఒక స్థానాపతి నివేదిక రూపంలో నడుస్తుంది. కృష్ణదేవరాయల కొలువులో ఉంటున్న స్థానాపతి, మధురలో ఉన్న తన ప్రభువు విశ్వనాథ నాయనికి పంపుకున్న విశేషాలన్నమాట. ఆ పుస్తకం రాయల తర్వాత చాలా ఏళ్లకు మధుర నాయకుల నీడలో పుట్టిందని పరిశోధకులు తేల్చారు. కాబట్టి నివేదిక కల్పితమే. కానీ రచయిత ఆ కల్పనకు అలాంటి ముఖం తొడిగాడంటే, స్థానాపతి ఎవరో, ఏం పని చేస్తాడో పాఠకులకు విడమరచి చెప్పనక్కర లేదనే కదా. ఆ మాట తర్వాత ఎందుకు వాడుకలోంచి జారిపోయిందో ఊహించడం కష్టం కాదు. కొలువులు పోయాయి, స్థానాపతులూ పోయారు. కోఠీకి వచ్చి కూర్చున్నవాడు తన పేరు తనే తెచ్చుకున్నాడు.

యూరప్‌లో రెసిడెంటు దశ అంత బాగోలేదు. 17వ శతాబ్దం నాటికి పెద్ద రాజులు ఒకరికొకరు అంబాసిడర్లను పంపుకుని, చిన్న సంస్థానాలకు రెసిడెంట్లతో సరిపెట్టేవారు. ఊరేగింపులో ఎవరి బండి ముందు నడవాలి, విందులో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి అన్న తగాదాలు ముదిరి కత్తుల దాకా పోయిన రోజులు అవి. 1815 వియన్నా సమావేశం రాయబారుల్ని మూడు తరగతులు చేసి ఆ గొడవ తీర్చబోయింది. మూడేళ్లకు, 1818 నవంబరు 21న, ఎక్స్ లా షపెల్ సమావేశంలో మరో మెట్టు చొప్పించారు. రెండో తరగతి మంత్రులకు కింద, షార్జే దఫేర్లకు పైన, 'మినిస్టర్ రెసిడెంట్'. ఎటూ కాని ఆ మెట్టు మీద అతగాడు నూటనలభై ఏళ్లకు పైగా వేలాడాడు. 1961 వియన్నా ఒప్పందం 14వ అధికరణం మళ్లీ మూడు తరగతులే రాసింది. అందులో అతనికి చోటు లేదు. ఏ సమావేశమూ అతన్ని పనిగట్టుకుని తొలగించలేదు. జాబితాలో రాయలేదు, అంతే.

అక్కడ మూడో మెట్టుకు జారిన మాటే ఆసియాలో సింహాసనం పక్కకు చేరింది. దానికి దారి వేసింది ఈస్టిండియా కంపెనీ. కంపెనీ లెక్కల్లో రెసిడెంటు మొదట బట్టల వర్తకానికి సంబంధించిన మనిషి. గోదావరి డెల్టాలో ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం వంటి చోట్ల 'కమర్షియల్ రెసిడెంట్' ఉండి, నేతగాళ్లకు బయానాలిచ్చి, బేళ్లు కట్టించి ఓడకెక్కించేవాడు. ఆ మాధవాయపాలెం పేరే 'మడపోలం' అన్న బట్ట రకంగా యూరప్ అంగళ్లకెక్కింది. 1764లో బక్సర్ యుద్ధం గెలిచాక కంపెనీకి బట్టలతో పాటు రాజ్యాల లెక్కలూ పట్టుబడ్డాయి. ముర్షిదాబాదు, లక్నో, తర్వాత హైదరాబాదు. ఈసారి రెసిడెంట్లు దిగింది నవాబుల దర్బారుల్లో.

హైదరాబాదుకు తొలి రెసిడెంటుగా 1779లో జాన్ హాలండ్‌ను పంపింది మద్రాసు ప్రభుత్వం. వచ్చిన పని గుంటూరు సర్కారు గొడవ. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉన్న గుంటూరును మద్రాసువాళ్లు నిజాంకు చెప్పకుండా మాట్లాడేసుకున్నారు. ఉత్తర సర్కారుల కోసం తాము చెల్లించాల్సిన పేష్కష్‌ను కూడా ఎగ్గొట్టే ఆలోచనలో ఉన్నారు. ఆ రెండు సంగతులూ నిజాం అలీఖాన్‌కు మెత్తగా చెప్పి ఒప్పించడం హాలండ్ పని. నిజాం ఒప్పుకోలేదు సరికదా మండిపడ్డాడు. చివరికి కలకత్తాలో వారెన్ హేస్టింగ్స్ జోక్యం చేసుకుని, హైదరాబాదు వ్యవహారం మద్రాసు చేతిలోంచి లాక్కున్నాడు. కోఠీ రెసిడెన్సీ కథ మొదలైంది గుంటూరు బాకీల దగ్గర.

జేమ్స్ ఎకిలీజ్ కిర్క్‌పాట్రిక్ వచ్చేసరికి ఆట మారింది. అతని పేరు చెబితే ఇప్పుడు అందరికీ ఖైరున్నీసాతో పెళ్లి, హశ్మత్ జంగ్ బిరుదు, మొఘలాయి దుస్తులు గుర్తుకొస్తాయి. ప్రేమకథలకు పాఠకులెప్పుడూ ఉంటారు. సంధి పత్రాలకు ఉండరు. తెలుగు నేల రూపురేఖలు మార్చింది మాత్రం అతని పెళ్లి కాదు. 1798 సెప్టెంబరు 1న కుదిరిన సైన్య సహకార ఒప్పందం, అక్టోబరులో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాల చేత రక్తం చుక్క పడకుండా ఆయుధాలు దింపించడం, 1800 అక్టోబరు 12 నాటి మరో సంధి. ఆ చివరి దానితో, కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం రాసిచ్చేశాడు. టిప్పు నుంచి 1792లో, 1799లో వచ్చిన నేలే అది. చేతికొచ్చిన కొన్నాళ్లకే చేజారింది. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. ఆ పేరులోని చిన్నతనం భరించలేక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ముందుకు తెచ్చాడు. ఒక రెసిడెంటు సంతకం తెచ్చిన పేరు చెరిపెయ్యడానికి నూట ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ రెసిడెన్సీ కట్టడం గురించి ఓ కథ ఉంది. కిర్క్‌పాట్రిక్ స్థలం కోసం పెద్ద కాగితం మీద పటం గీయించి నిజాంకు చూపితే, ఆయన కుదరదన్నాడట. మళ్లీ అదే పటాన్ని చిన్న కార్డు మీద గీయించి తీసుకెళ్తే సంతోషంగా ఒప్పుకున్నాడట. అంత పెద్ద కాగితం చూసి తన రాజ్యంలో సగం అడుగుతున్నారనుకున్నాడని చెప్పుకునేవారు. నిజాంను అమాయకుడిగా చూపించే ఇలాంటి కథలు తెల్లవాళ్ల భోజనాల బల్లల దగ్గర బాగా చెల్లేవి. నిజాం అలీఖాన్ అమాయకుడేమీ కాదు. మరాఠాలు, మైసూరు, ఫ్రెంచివాళ్ల మధ్య నలభై ఏళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. తన ముందున్న దారులన్నీ మూసుకుపోయాక మిగిలిన దారిలో సంతకం చేశాడు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి దాడికి వెళ్లింది ఆ భవనం మీదికే. నిజాం కోట మీదికి కాదు. అధికారం ఏ గేటు వెనక కాపురముంటోందో ఊళ్లో జనానికి తెలుసు.

కిర్క్‌పాట్రిక్‌కు ఉన్న చొరవలో సగం, దూరం ఇచ్చిందే. కలకత్తాకు ఉత్తరం పోయి జవాబు వచ్చేలోపు వారాలు గడిచేవి. ఆ వారాల్లో రెసిడెంటే గవర్నర్ జనరల్. ఈ సంగతి డార్విన్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మలయా ద్వీపకల్పానికి ఈ పద్ధతి 1874 జనవరి 20 నాటి పంగ్‌కోర్ ఒప్పందంతో వెళ్లింది. మతం, ఆచారం తప్ప మిగతా అన్ని విషయాల్లో పేరక్ సుల్తాన్ బ్రిటిష్ రెసిడెంటు సలహా అడగాలి, అడిగి పాటించాలి. సలహా అని పేరు పెట్టి పాటించి తీరాలని రాశాక దాన్ని సలహా అనడం ఎందుకో సుల్తాన్‌కే అర్థం కాలేదు. తొలి రెసిడెంటు జె. డబ్ల్యు. డబ్ల్యు. బర్చ్‌ను మరుసటి ఏడు నవంబరులో పాసిర్ సలాక్ దగ్గర నదిలో పొడిచి చంపారు. అయినా పద్ధతి ఆగలేదు.

ఆస్ట్రేలియాలో ఈ మాటకు పట్టిన దారి వేరు. అక్కడ దర్బారులు లేవు. కాదు, ఉన్నాయని ఒప్పుకోలేదు. గవర్నరు కూర్చున్న ఊరికి చాలా దూరంలో ఓ చిన్న వలస వెలిస్తే, అక్కడ గవర్నరు తరఫున కూర్చునే అధికారిని 'గవర్నమెంట్ రెసిడెంట్' అన్నారు. పడమటి తీరాన ఆల్బనీలో 1833 నుంచి సర్ రిచర్డ్ స్పెన్సర్ ఆ హోదాలో ఉన్నాడు. తూర్పున మోర్టన్ బేలో, అంటే ఇప్పటి బ్రిస్బేన్‌లో, 1853లో ఆ హోదా దక్కింది జాన్ క్లెమెంట్స్ విక్‌హామ్‌కు. ఈ విక్‌హామే 1839 సెప్టెంబరులో బీగిల్ ఓడ కెప్టెనుగా ఉత్తర తీరంలో ఓ చక్కటి రేవు చూసి, పాత ప్రయాణంలో తమతో తిరిగిన సహచరుడి పేరు మీద పోర్ట్ డార్విన్ అని పేరు పెట్టాడు. ఛార్లెస్ డార్విన్ ఆ రేవులో ఎన్నడూ అడుగు పెట్టలేదు. పేరు పెట్టిన మనిషి తర్వాత గవర్నమెంట్ రెసిడెంటు కావడం, ఆ రేవుకూ తర్వాత అదే హోదా అధికారులు రావడం కాకతాళీయమే, కానీ చదువుతుంటే ముచ్చటగా ఉంటుంది.

1863లో దక్షిణ ఆస్ట్రేలియా వలస రాజ్యానికి లండన్ నుంచి నార్తర్న్ టెరిటరీ దక్కింది. అడిలైడ్ నుంచి చూస్తే ఖండానికి అవతలి కొస. మొదటి గవర్నమెంట్ రెసిడెంటుగా 1864లో వెళ్లినవాడు బోయిల్ ట్రావర్స్ ఫినిస్, దక్షిణ ఆస్ట్రేలియా తొలి ప్రధాని కూడా ఆయనే. ఎస్కేప్ క్లిఫ్స్ అన్న చోట ఊరు వేయబోయి, సొంత మనుషులతో తగవు పెట్టుకుని, ఆదివాసులతో నెత్తుటి కలహాలు తెచ్చుకుని ఏడాదికే వెనక్కి రావలసి వచ్చింది. ఆ ఊరు ఎత్తేశారు. 1869 ఫిబ్రవరిలో జార్జ్ గోయ్‌డర్ సర్వే బృందంతో పోర్ట్ డార్విన్‌లో దిగి, పామర్‌స్టన్ అన్న ఊరిని కాగితం మీద గళ్లు గళ్లుగా గీసేశాడు. ఆ గళ్ల కింద ఉన్నది లరాకియా జనం నేల. వారిని ఎవరూ ఏమీ అడగలేదు.

1870 జూన్‌లో కుటుంబంతో సహా దిగిన గవర్నమెంట్ రెసిడెంటు కెప్టెన్ విలియం బ్లూమ్‌ఫీల్డ్ డగ్లస్. ఈ మనిషి ఒక్కడి జీవితంలో ఆ హోదా రెండు అర్థాలూ ఇమిడిపోయాయి. కుర్రతనంలో సరవాక్‌లో అక్కడి ఇంగ్లీషు పాలకుడు రాజా బ్రూక్ దగ్గర పనిచేశాడు. తర్వాత దక్షిణ ఆస్ట్రేలియా రేవుల అధికారి. పామర్‌స్టన్‌లో మూడేళ్లు కూడా సవ్యంగా సాగలేదు. బంగారం పిచ్చి ఊరంతా పట్టుకుంది, అప్పులు పెరిగాయి, అధికారులతో గొడవలు ముదిరాయి, 1873లో పదవి వదులుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు టెరిటరీ గనుల కోసం చైనా కూలీలను కుదర్చడానికి సింగపూరు వెళ్లాడు. ఆ దారిలోనే అక్కడి కొలువు సంపాదించి, 1876 నుంచి మలయాలోని సెలంగోర్‌లో బ్రిటిష్ రెసిడెంటు అయ్యాడు. అంటే ఇప్పుడు సుల్తాన్ అబ్దుల్ సమద్ పక్కన కూర్చుని 'సలహా' చెప్పే మనిషి. 1880లో రెసిడెన్సీ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్‌కు మారింది అతని కాలంలోనే. 1882లో భూముల వ్యవహారంలో పేరు చెడి అక్కడా పదవి పోయింది. తర్వాత వచ్చిన ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ పేరు చరిత్రలో నిలబడింది, డగ్లస్ పేరు నిలబడలేదు. ఒకే మనిషి, ఇంచుమించు ఒకే హోదా. సెలంగోర్‌లో ఏ పని చేయాలన్నా సుల్తాన్ ముద్ర కావాలి. పామర్‌స్టన్‌లో ఎవరి ముద్రా అక్కర్లేదు.

డగ్లస్ కూతురు హారియట్ 1870 సెప్టెంబరు 15న పామర్‌స్టన్‌లో టెలిగ్రాఫ్ లైనుకు మొదటి స్తంభం పాతింది. తర్వాత ఆమె రాసిన జ్ఞాపకాల పుస్తకం 1887లో అచ్చయింది. ఆ కాలపు ఊరిని చూడాలంటే రెసిడెంట్ల నివేదికల కన్నా అదే మేలు. జావాలోని బన్యువాంగీ నుంచి సముద్రపు తీగ 1871 నవంబరులో డార్విన్ ఒడ్డు చేరింది. ఖండం మధ్యగా అడిలైడ్ నుంచి వచ్చిన తీగ 1872 ఆగస్టు 22న కలిసింది. ఇక లండన్ కబురు సూయజ్, ఏడెన్, బొంబాయి దాటి, నేల మీదుగా మద్రాసు చేరి, అక్కడి నుంచి పినాంగ్, సింగపూరు, జావా మీదుగా డార్విన్‌లో దిగేది. మన మద్రాసు తీరం ఆస్ట్రేలియాకు ఓ మజిలీ అయింది. తీగ పడ్డ నాటి నుంచి గవర్నమెంట్ రెసిడెంటు దర్జా తరిగింది. కిర్క్‌పాట్రిక్‌కు దొరికిన ఆ వారాల గడువు ఇతనికి లేదు. బల్ల కొనాలన్నా అడిలైడ్‌కు తంతి కొట్టి మంత్రి జవాబు కోసం కాచుకోవాలి. ఏ దూరం వల్ల ఈ హోదా పుట్టిందో ఆ దూరాన్ని తీగ తినేసింది.

ఇక్కడ ఓ సంగతి పక్కన పెట్టలేం. ఆ తీరానికి పరాయి దేశంతో నిజమైన సంబంధాలు ఉండేవి, రెసిడెంట్లు రాక ముందు నుంచీ. సులవేసి దీవిలోని మకస్సర్ నుంచి ఏటా పడమటి గాలికి పడవలు వచ్చి, ఆర్న్‌హెమ్ లాండ్ తీరంలో నెలల తరబడి ఉండి, సముద్ర దోసకాయలు ఏరి ఉడికించి ఎండబెట్టి చైనా బజారుకు పట్టుకెళ్లేవి. ఆ తీరపు యోల్ంగు జనం వాళ్లకు చోటిచ్చారు, పని చేశారు, పెళ్లిళ్లూ చేసుకున్నారు, కొట్లాడుకున్నారు. వాళ్ల భాషలో డబ్బును ఇప్పటికీ 'రుపియ్య' అంటారు. తెల్లవాణ్ణి 'బలండ' అంటారు, డచ్చివాడన్న మాటకు మకస్సర్ ఉచ్చారణ. సంధి పత్రం లేదు, దర్బారు లేదు, రెసిడెంటు అసలే లేడు. తరాల పాటు వ్యవహారం సాగింది. 1880ల్లో డార్విన్ కస్టమ్స్ అధికారి ఆల్ఫ్రెడ్ సియర్సీ ఆ పడవల దగ్గర లైసెన్సు రుసుము వసూలు మొదలుపెట్టాడు. 1907తో పడవలు రావడమే ఆగింది. దౌత్య చరిత్ర రాసేవాళ్లు ఈ భాగాన్ని చేపల వ్యాపారం కింద జమకడతారు. నా లెక్కలో ఇది ఆ తీరపు అసలైన విదేశాంగ చరిత్ర.

రెసిడెంట్ల జాబితా పొడుగ్గా ఉంది. స్కాట్, ప్రైస్, పార్సన్స్, నైట్, డాష్‌వుడ్, హర్బర్ట్, మిచెల్. ఎడ్వర్డ్ ప్రైస్ భార్యాబిడ్డలు 1875 ఫిబ్రవరిలో గోథెన్‌బర్గ్ ఓడ మునిగి చనిపోయారు. ఆ దుఃఖం మోస్తూ మరుసటి ఏడు రెసిడెంటు పదవి తీసుకున్నాడు. ఛార్లెస్ డాష్‌వుడ్ ఒకేసారి రెసిడెంటు, న్యాయమూర్తి కూడా. ఉత్తర్వు ఇచ్చేదీ తీర్పు చెప్పేదీ ఒకే మనిషి. కానీ వీళ్లందరిలో నాకు ఆసక్తి కలిగించేది జాన్ లాంగ్డన్ పార్సన్స్. 1884 నుంచి 1890 దాకా ఉన్నాడు. ఆదివాసులు ఈ నేల తమదనే భావిస్తారనీ, తెల్లవాడి రాకను యుద్ధ ప్రకటనగానే చూస్తారనీ తన నివేదికలో రాసి అడిలైడ్‌కు పంపాడు. రెసిడెంటు అన్నవాడు పరాయి కొలువు మనసు చదివి పంపాలి కదా, ఆ పని చేసిన ఒకే ఒక్క వాక్యం బహుశా అదే. ఆ మాట రాసిన మనిషి ఆదివాసుల స్నేహితుడేమీ కాదు. బలమున్నవాడు మిగులుతాడన్న ధోరణిలోనే ముగించాడు. యుద్ధమని ఒప్పుకున్నాక అవతలి పక్షం ఒకటి ఉందని ఒప్పుకున్నట్టే కదా అని అడిలైడ్‌లో ఎవరూ అడగలేదు. యుద్ధముంటే సంధి ఉండాలి. సంధికి ఇద్దరు కావాలి.

1911 జనవరి 1న టెరిటరీ ఆస్ట్రేలియా కేంద్ర, అంటే కామన్‌వెల్త్ ప్రభుత్వం చేతికి వెళ్లింది. పామర్‌స్టన్ అధికారికంగా డార్విన్ అయింది, రెసిడెంటు పోయి అడ్మినిస్ట్రేటర్ వచ్చాడు. మొదటి పూర్తికాలపు అడ్మినిస్ట్రేటర్ గిల్‌రూత్ మీద 1918 డిసెంబరు 17న ఊరి కార్మికులు తిరగబడి ఆ భవనం కంచె దాటారు. రెండు నెలలకు ఆయన్ను యుద్ధనౌక ఎక్కించి పంపెయ్యవలసి వచ్చింది. 1927లో టెరిటరీని ఉత్తరం, మధ్యం అని రెండు ముక్కలు చేసినప్పుడు పాత హోదా బయటికి తీశారు. డార్విన్‌లో వెడెల్, ఆలిస్ స్ప్రింగ్స్‌లో కావుడ్ గవర్నమెంట్ రెసిడెంట్లు. 1928లో కోనిస్టన్ దగ్గర పోలీసు దళం ఆదివాసులను ఊచకోత కోస్తే, విచారణ మండలిలో కావుడ్ సభ్యుడిగా కూర్చున్నాడు. తన కింది పోలీసుల మీద తనే విచారణ. తప్పేమీ లేదని తేల్చారు. 1931లో రెండు ముక్కలూ మళ్లీ కలిపేయడంతో డార్విన్‌లో ఆ హోదా ముగిసింది.

ముగిసిందనుకున్నాక, మరో రూపంలో ఒకసారి తొంగి చూసింది. గూఢచారుల భాషలో, ముఖ్యంగా మాస్కోలో, 'రెజిదెంత్' అంటే పరాయి దేశంలో తమ వేగుల దళానికి పెద్ద. 1954 ఏప్రిల్ 3న కాన్‌బెర్రా సోవియట్ రాయబార కార్యాలయపు మూడో కార్యదర్శి వ్లదిమీర్ పెత్రోవ్ ఆస్ట్రేలియాను ఆశ్రయం కోరాడు. దౌత్య జాబితాలో మూడో కార్యదర్శి. మాస్కో లెక్కలో తాత్కాలిక రెజిదెంత్. ఆయన భార్య ఎవ్‌దోకియా కూడా ఆ దళంలో అధికారే. 19న ఆమెను ఇద్దరు కొరియర్లు సిడ్నీలో జనం తోపులాట మధ్య విమానమెక్కించారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. మరునాడు తెల్లవారుజామున విమానం ఇంధనం కోసం డార్విన్‌లో దిగింది. పోలీసులు కొరియర్ల దగ్గర పిస్తోళ్లు లాక్కున్నారు. తాత్కాలిక అడ్మినిస్ట్రేటర్ రెజినాల్డ్ లేడిన్ కాన్‌బెర్రా నుంచి ఫోనులో అందిన సూచనలతో ఆమెతో మాట్లాడాడు. భర్త ఫోనులో మాట్లాడాడు. ఆమె ఉండిపోయింది. మాస్కో తన కాన్‌బెర్రా రాయబార కార్యాలయాన్ని మూసేసింది, సంబంధాలు 1959 దాకా అతుక్కోలేదు. గవర్నమెంట్ రెసిడెంటు వారసుడు, సోవియట్ రెజిదెంత్ భార్య, డార్విన్ విమానాశ్రయం. నవలాకారుడు రాస్తే కుదిర్చి రాశాడంటాం.

అసలు కొలువు తలుపు తట్టింది 1972లో. లరాకియా జనం, వారి వెంట ఇతర ఆదివాసులు కలిసి ఓ వినతిపత్రం తయారుచేశారు. పొడవు మూడు మీటర్లకు పైగా, వెయ్యికి మించిన సంతకాలు, వేలిముద్రలు. అక్టోబరు 17న ఇంగ్లండు రాకుమారి మార్గరెట్ డార్విన్ గవర్నమెంట్ హౌస్‌లో బస చేస్తుండగా ఆమె చేతికివ్వాలని గేటు దగ్గర నిలబడ్డారు. పోలీసులు అడ్డుకున్నారు, తోపులాటలో కాగితం చిరిగింది. చిరిగిన దాన్నే అతికించి రాణికి పోస్టులో పంపారు. తమ నేల తీసుకున్నారనీ, తమతో ఏ ఒప్పందమూ చేసుకోలేదనీ, భూమి హక్కులు, రాజకీయ ప్రాతినిధ్యం కావాలనీ అందులో ఉంది. రాకుమారి అంటే రాజకుటుంబం, భవనమంటే పాత రెసిడెన్సీ. ఆ తీరంలో ఎదుటి పక్షమంటూ ఒకటి వచ్చి రాజ్యంతో సమానంగా కూర్చుని మాట్లాడాలని అడగడానికి అంతకన్నా తగిన గేటు లేదు. హైదరాబాదులో రెసిడెంటు రాజు గేటు తట్టాడు. ఇక్కడ నేల హక్కుదారులు రెసిడెంటు గేటు తట్టవలసి వచ్చింది.

తర్వాతి సంగతులు కోర్టులవి. డార్విన్ రేవుకు అవతల ఉన్న కాక్స్ ద్వీపకల్పం మీద కెన్బీ భూమి దావా 1979లో వేశారు. 2000 డిసెంబరులో కమిషనర్ అనుకూలంగా సిఫారసు చేశాడు, 2016 జూన్‌లో నేల చేతికొచ్చింది. ఈ మధ్యలో 2006లో ఫెడరల్ కోర్టు డార్విన్ నగరంపై లరాకియా వారి స్థానిక హక్కును కొట్టేసింది. వలస వచ్చాక జరిగిన చెదిరిపోవడం వల్ల వారి సంప్రదాయ పాలన తెగకుండా కొనసాగిందని నిరూపణ కాలేదన్నది కారణం. చెదరగొట్టింది రాజ్యం, తెగిందని తీర్పిచ్చిందీ రాజ్యపు కోర్టే. 1870 నుంచి దర్బారు లేదని చెబుతూ వచ్చినవారికి ఇది సౌకర్యంగానే ఉండి ఉంటుంది.

2018 జూన్ 8న బరుంగాలో టెరిటరీ ప్రభుత్వం, నాలుగు భూమి మండళ్లు కలిసి ఒప్పందాల కోసం కమిషన్ వేయడానికి సంతకాలు చేశాయి. మొదటి కమిషనర్ మిక్ డాడ్సన్. 2022లో కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది చివరికే ప్రభుత్వం దాని ప్రధాన సిఫారసులను పక్కన పెట్టి, కమిషన్‌ను మూసేసింది.